మిగిలిన సున్నం

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు సగం గడిచాక, మొన్న మార్చిలో, మాచర్లలో ఒక పెళ్లికి వెళ్లడానికి గుంటూరులో బస్సెక్కాను. పిడుగురాళ్ల దగ్గర కాలం కాని కాలంలో నాలుగు చినుకులు పడ్డాయి. మా బస్సు ముందు సున్నపు గడ్డల లోడుతో ఒక లారీ ఆగి ఉంది. దాని పట్టా ఒక మూల ఎగిరిపోవడంతో అక్కడి గడ్డల మీద చినుకు పడ్డచోటల్లా సన్నగా ఆవిరి లేస్తుంటే, డ్రైవరూ క్లీనరూ కంగారుగా పట్టా లాగుతున్నారు. కిటికీలోంచి ఆ వాసన లోపలికి వచ్చింది. కాలిన రాయి వాసన, తడిసిన గోడ వాసన, ముక్కు లోపల ఎక్కడో మండించే ఒక ఘాటు, మూడూ కలిసిన వాసన అది. పక్కసీటులోని అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ మరికాస్త తెరిచాను.

పిడుగురాళ్లను లైమ్ సిటీ అంటారు. పల్నాటి సున్నపురాయిని బట్టీల్లో కాల్చి, ఆ గడ్డలను లారీలకెత్తి ఊరూరికీ పంపుతారు. నా చిన్నతనంలో అవే గడ్డలు గుంటూరు వీధుల్లో తోపుడుబండి మీద తిరిగేవి. "సున్నమమ్మా, సున్నం" అని కేక వినపడితే కొందరికి సంక్రాంతి గుర్తొచ్చేది, కొందరికి ఇంట్లో పెళ్లి గుర్తొచ్చేది. మాకు మాత్రం శుభ శుక్రవారం మర్నాటి శనివారం గుర్తొచ్చేది. ఆ రోజున సమాధుల తోటకు వెళ్లి మనవాళ్ల సమాధులకు సున్నం వేయాలి, తెల్లవారితే ఈస్టరు.

* * *

మా నాన్న అరండల్‌పేటలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. ఆ వృత్తి ఇప్పుడు లేదు కనుక రెండు మాటలు చెప్పాలి. సీసపు అక్షరాలను కేసు అనే గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటిగా ఏరి, స్టిక్కులో వరసగా పేర్చి, పేజీ కట్టడం ఆయన పని. గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా ఉండటం వల్ల తెలుగు కేసుకు ఇంగ్లీషు కేసుకన్నా ఎన్నో గళ్లు ఎక్కువ. ఏ గడిలో ఏ అక్షరం ఉందో ఆయన చూడనక్కరలేదు, చెయ్యే వెళ్లేది. అచ్చు అక్షరం అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది కాబట్టి నాన్న ఏ పంక్తినైనా అటునుంచీ ఇటునుంచీ ఒకే వేగంతో చదివేవారు. ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎంత తోమినా వదలని నలుపుతో ఉండేవి. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం ఆ రెండు వేళ్లను లోపలికి ముడిచి చెయ్యి చాపేవారు.

అమ్మ పొగాకు గ్రేడింగు కంపెనీలో ఆకు ఏరే పనికి వెళ్లేది. సాయంత్రం వచ్చి స్నానం చేసినా ఆమె జుట్టులో పొగాకు వాసన ఉండేది. అమ్మ పాట పాడితే ఇంట్లో మరెవరూ గొంతు కలిపేవారు కాదు, ఆ పాట అలాగే వినాలనిపించేది.

నాయనమ్మ కుగ్లర్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టారని మా సంఘంలో ప్రతి పిల్లకూ నేర్పేవారు గాని, నాయనమ్మకు మిషను చరిత్ర అంటే హయ్యర్ గారు కాదు, డాక్టర్ అన్నా కుగ్లర్. ఆమె 1883లో అమెరికా నుంచి వచ్చిందనీ, ఆడవాళ్లకోసం పట్టుబట్టి ఆసుపత్రి కట్టించి 1898లో తెరిపించిందనీ, 1930లో ఇక్కడే కన్నుమూసిందనీ ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేది. రాత్రి డ్యూటీలో లాంతరు పట్టుకుని ఒక్కో మంచం దగ్గర ఆగి చూసుకుంటూ వెళ్లే అలవాటు ఆమె ప్రార్థనలోకి కూడా వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి భోజనాలయ్యాక చాప పరిచి, లాంతరు వత్తి కొంచెం పైకెత్తి కుటుంబ ప్రార్థనకు కూర్చునేవాళ్లం. నాన్న వాక్యం చదవడం, అమ్మ పాట పాడటం త్వరగానే అయ్యేవి. అక్కడ నుంచి నాయనమ్మ వార్డు రౌండు మొదలయ్యేది. పాలవాడి కూతురి ప్రసవం, ఎదురింటి సాయిబు గారి నడుంనొప్పి, ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట ఆసుపత్రి నుంచి వెళ్లిపోయిన ఎవరో నర్సమ్మ, ఇలా ఒక్కొక్కరి దగ్గర ఆగి, లాంతరెత్తి చూసి, ముందుకు కదిలినట్టుండేది. నేను సగంలోనే నిద్రపోయి "ఆమెన్" అనే మాటకు మాత్రం ఖచ్చితంగా లేచేదాన్ని.

* * *

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానాకాలంలో, పచ్చకామెర్లతో అమ్మ అయిదు రోజుల్లో పోయింది. నాటుమందు వేయించారు, ఆసుపత్రికీ తీసుకెళ్లారు. ఆ అయిదు రోజుల గురించి ఇంతకన్నా రాయలేను.

మూడో రోజున ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూటం పెట్టారు. పాస్టరుగారు తక్కువ మాట్లాడారు, అందుకు ఆయనకు నేటికీ కృతజ్ఞురాలిని. ఆ తరువాత లేచిన ఒక సంఘ పెద్ద మాత్రం దేవుడు తన తోటకు మంచి పువ్వులనే ముందు కోసుకుంటాడని చెప్పాడు. నాన్న ఏమీ అనలేదు. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కు జరిపి, షామియానా దాటి, రోడ్డు మీదికి వెళ్లిపోయారు. దుఃఖంలో ఉన్నవారి ముందు నోరు తెరిచే ప్రతివారికీ ఆ కుర్చీ కళ్లకు కట్టాలని నా కోరిక. ఆ మాట అన్న మనిషి చెడ్డవాడు కాదు. తరువాత మా ఇంటికి బియ్యం పంపినవారిలో ఆయనా ఉన్నాడు.

అప్పటినుంచి నాన్న వాక్యం చదవలేదు. ఆదివారం గుడి మొదటి గంట మోగగానే లేచి నాకు జడ వేసి, రెండో గంటకు నన్నూ నాయనమ్మనూ గుడి గేటు దాకా తెచ్చి, తాను ఎదురుగా ఉన్న టీ బంకులో కూర్చునేవారు. ఇంట్లో నాయనమ్మ ఆయన్ని ఒక్కమాట అడగలేదు. రాత్రి ఎనిమిదింటికి ఎప్పటిలాగే చాప పరిచి, లాంతరు పెట్టి, బైబిలు మీది గుడ్డ విప్పి, పుస్తకాన్ని ఆయన మోకాళ్ల ముందు పెట్టేది. కొంచెంసేపు ఆగేది. ఆయన లాంతరు వంక చూస్తూ కూర్చునేవారు. ఆమె పుస్తకం తీసి, మళ్లీ గుడ్డ చుట్టి, అలమారలో పెట్టి, వచ్చి ప్రార్థన చేసేది. కొడుకు పేరు దగ్గర ఆగేది కాదు, అందరి పేర్లలాగే అదీ ఒక పేరన్నట్టు దాటిపోయేది. ఏడాదికి పైగా ప్రతి రాత్రీ ఇదే జరిగింది. విశ్వాసం గురించి ఆ తరువాత నేను విన్న ప్రసంగాల్లో చాలావాటిని మరిచిపోయాను గాని, పుస్తకం పెట్టి ఆగిన ఆ కొంచెంసేపు ఎంతసేపో ఈ రోజుకీ కొలిచి చెప్పగలను.

ఆ ఏడు ఈస్టరుకు ముందు శనివారం నాన్న తోటకు రానన్నారు. నేనూ నాయనమ్మా వెళ్లాం. నాయనమ్మ సున్నంలో జిగురు కలపలేదు, వడగట్టనూ లేదు. మర్నాడు సమాధి దగ్గర మోకాళ్ల మీద వంగినవాళ్లందరి బట్టలకూ తెల్లని ముద్రలు పడ్డాయి. అమ్మ సమాధి మచ్చలుమచ్చలుగా మిగిలింది. ఇంటికి తిరిగి వస్తుంటే నా గౌను మీది సున్నం దులపాలని నాయనమ్మ చెయ్యి చాచి, ఎందుకో మళ్లీ వెనక్కు తీసుకుంది.

* * *

1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచేసిన రోజు. అది దివిసీమకు సంబంధించిన తేదీ. గుంటూరులో మాకు తెలిసినదల్లా గాలి. మధ్యాహ్నానికే కరెంటు పోయింది. చీకటి పడేవేళకు మా వీధిలో పెంకులు ఒక్కొక్కటిగా కాకుండా వరసలు వరసలుగా లేవడం మొదలైంది. ఎవరో గుడి తలుపులు తీయించారు. మిషను కట్టిన పాత కట్టడం, గోడలు మూరెడు మందం. సాయిబు గారి కుటుంబం, మూలకొట్టు శెట్టిగారి ఇంటివాళ్లు, మేకలతో సహా ఒక ముసలాయన, మేమూ అందరం లోపల చేరాం. ఏడాది తరువాత నాన్న ఆ గుమ్మం దాటడం అదే, అదీ భుజం మీద సాయిబు గారి మనవణ్ణి ఎత్తుకుని.

పెట్రోమాక్స్ లైటు మాంటిలు గాలి జల్లుకు రాలిపోయింది. మిగిలింది ఒక్క హరికేన్ లాంతరు. పిల్లలు ఏడుస్తున్నారు. పైకప్పు మీద కొమ్మలు విరిగిపడుతున్న చప్పుడు. అప్పుడు చీకట్లోంచి శెట్టిగారి తల్లి, "కంపోజిటరు గారూ, మీది పెద్ద గొంతు గదా, మీ పుస్తకంలోది ఏదైనా చదవండి నాయనా, ఈ గాలి చప్పుడు వినలేకున్నాం" అంది.

పుస్తకం ఎవరో చేతికిచ్చారు. లాంతరు దగ్గర పెట్టారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత యోహాను సువార్త మొదటి అధ్యాయం ఎత్తుకున్నారు. నాలుగు వాక్యాలు చదివేసరికి లాంతరులో కిరసనాయిలు అయిపోయి, వత్తి ఎర్రగా కునికి ఆరిపోయింది. నాన్న ఆగలేదు. ఆ అధ్యాయం ఏటా క్రిస్మస్ ఆరాధన క్రమంలో అచ్చవుతుంది, ఏటా ఆయనే కంపోజు చేస్తారు. ఆ ఏడు పని కూడా ఆ వారంలోనే మొదలైందట. అక్షరం అక్షరంగా చేత్తో ఏరి పేర్చిన పాఠం అది, చూడవలసిన అవసరం లేదు. "ఆ వెలుగు చీకటిలో ప్రకాశించుచున్నది గాని చీకటి దాని గ్రహింపకుండెను" అని, ఒక్క దీపమైనా లేని ఆ గుడిలో, గాలి మీదికి గొంతెత్తి చెప్పారు. అధ్యాయం అయిపోయాక మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఎన్నిసార్లు చెప్పారో నాకు తెలియదు, నేను నాయనమ్మ ఒళ్లో నిద్రపోయాను. "ఆమెన్" లేకుండా ముగిసిన కూటం నా జీవితంలో అదొక్కటే.

రెండు రోజుల తరువాత, ఇంటికప్పు మీద మిగిలిన పెంకులు సర్దుతున్న నాన్నను కింద నుంచి అడిగాను, "గ్రహింపకుండెను అంటే ఏంటి నాన్నా, చీకటికి అర్థం కాలేదనా?" అని. ఆయన పెంకు చేతిలోనే పట్టుకుని కాస్త ఆలోచించారు. "గ్రహణం అంటాం గదా తల్లీ. గ్రహించడమంటే పట్టుకోవడం కూడా. వెలుగుని చీకటి పట్టుకోలేకపోయిందని" అన్నారు. కొంతసేపటికి, నాతో కాదన్నట్టు, "దివిసీమలో మాత్రం పట్టుకున్నట్టే ఉంది" అన్నారు. అప్పటికి పేపర్లు రావడం మొదలైంది.

* * *

మా సంఘంవాళ్లు బియ్యం, పాతబట్టలు, బిందెలు పోగుచేసి లారీకెత్తారు. నాన్న ప్రెస్సుకు సెలవు పెట్టి వాళ్లతో వెళ్లారు. రేపల్లె దాకా లారీ, పెనుమూడి దగ్గర పడవ మీద కృష్ణ దాటితే అవతల పులిగడ్డ, దివిసీమ. ఇప్పుడక్కడ వంతెన ఉంది. నాలుగు రోజులని చెప్పి వెళ్లిన మనిషి పన్నెండో రోజున తిరిగొచ్చారు.

వచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి, "అమ్మా, నీళ్లు బయటికే తీసుకురా" అన్నారు. ఆయన ఒంటి నుంచి బ్లీచింగు పొడి వాసన, సున్నం వాసన. శవాలను పూడ్చిన గుంటల్లో చల్లే సున్నం అది అని నాకు చెప్పినవారు లేరు, పెద్దయ్యాక లెక్క కట్టుకున్నాను. ఆ ఉప్పెనలో వేలమంది పోయారు. చాలామందిని గుర్తుపట్టే మనిషి కూడా మిగలలేదు. ఎన్నో ఏళ్లుగా నల్లగా ఉన్న ఆ రెండు వేళ్లు తెల్లగా పాలిపోయి, చర్మం పగిలి ఉన్నాయి. నాయనమ్మ వాటికి కొబ్బరినూనె రాసింది.

ఆ రాత్రి ఎనిమిదింటికి ఆమె ఎప్పటిలాగే చాప పరిచి, పుస్తకం ఆయన ముందు పెట్టి, ఆగింది. నాన్న పుస్తకం తెరవలేదు. కళ్లు మూసుకుని, "అమ్మా, ఇవాళ నేను ప్రార్థన చేస్తాను" అన్నారు. చేసిన ప్రార్థన రెండు వాక్యాలకు మించలేదు. వాటిలో ఒక్క పేరు లేదు. పేర్లు తెలిసినవారి కోసం కాదు ఆ ప్రార్థన అని నాయనమ్మకు వెంటనే అర్థమైంది. ఆ రాత్రి తన రౌండు మానేసి, ఆయన "ఆమెన్" మీదే తానూ ముగించింది.

* * *

మరుసటి ఈస్టరుకు ముందు శనివారం, నాన్నే సున్నం చేశారు.

ఆ పని దగ్గరుండి చూసినది అంతా గుర్తుంది. తోపుడుబండి దగ్గర గడ్డలను ఒకదానితో ఒకటి తట్టి, ఖంగుమని పలికినవే ఏరారు. పాత కుండలో వేసి నీళ్లు పోశారు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు, ఆ తరువాత కుండ లోపల ఎవరో నిద్రలేచినట్టు గురగురమని మొదలై, గడ్డలు పగిలి, నీళ్లు సలసలా మరిగి పైకి తన్నాయి. పొయ్యి లేకుండా ఎలా మరిగిందని నేను ఆశ్చర్యపోతుంటే, "బట్టీలో తాగిన వేడి లోపల దాచుకుంటుందిలే, దగ్గరికి రాకు" అన్నారు. చల్లారాక పాత పంచెలో వడగట్టి, నానబెట్టిన తుమ్మజిగురు కలిపి, చిటికెడు నీలిమందు వేశారు. ఈతమట్ట మొదలును రాతి మీద చితక్కొట్టి కుంచె చేశారు.

తోటలో ఆ సాయంత్రం తిరునాళ్లలా ఉండేది. పిచ్చిమొక్కలు పీకేవాళ్లు, బిందెలతో నీళ్లు మోసేవాళ్లు, అరటాకులో పులిహోర పంచేవాళ్లు, ఏడాదికోసారి కలిసే బంధువులు. నాన్న ఒక్క పూత వేశారు. పూసినంతమేరా బూడిదరంగు తడి తప్ప తెలుపు కనిపించలేదు. నాకు ఏడుపొచ్చింది, నిరుడు నాయనమ్మ వేసినదే నయమన్నాను. "ఇప్పుడు కాదు, ఆరాక చూడు. సున్నం వేసినప్పుడు తెలుపు రాదు" అన్నారు.

కుండలో కొంత సున్నం మిగిలింది. అమ్మ సమాధికి ఎడమవైపున మూడడుగుల చిన్న సమాధి ఒకటుంది. పేరున్న పలక ఎప్పుడో ఊడిపోయింది. ఎవరో పసిబిడ్డదై ఉండాలి. దాని తాలూకువాళ్లను మేమెన్నడూ చూడలేదు. నాన్న కుండ అటు జరిపి, ఒక్క మాటైనా చెప్పకుండా, దానికీ పూత వేశారు. అమ్మ సమాధికి వేసినంత నిదానంగానే వేశారు.

ఈస్టరు ఎప్పుడూ పున్నమి దాటాక వచ్చే ఆదివారమే కాబట్టి ఆ తెల్లవారుజామున ఆకాశంలో చంద్రుడుంటాడు. ఆ ఏడు పున్నమి వెళ్లి రెండు రోజులే అయింది. మూడింటికి వీధిలో డోలకు, తాళాలతో పాటలవాళ్లు బయల్దేరారు. మేం కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని వాళ్ల వెనక నడిచాం. మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వెళ్లింది "ఇంకను చీకటిగా ఉన్నప్పుడు" అని సువార్తలో ఉంటుంది. నాయనమ్మ ఆ మాటను పట్టుకుని, తెల్లారాక వెళ్తే అది ఈస్టరే కాదనేది. తోట గేటు దగ్గరికి రాగానే పాటలవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగిపోయారు. పడమటికి వాలిన వెన్నెలలో, ఒక్క కొవ్వొత్తైనా ఇంకా వెలగకముందే, తోటంతా తెల్లగా ఉంది. అమ్మ సమాధి, దాని పక్కన చిన్నది, రెండూ.

* * *

నాయనమ్మ చనిపోయాక ప్రార్థనలో పేర్ల రౌండు నాన్నకు వచ్చింది. ప్రెస్సుకు ఆఫ్‌సెట్ యంత్రం వచ్చి ఆయన పని పోయింది. సీసపు అక్షరాలను తూకానికి అమ్మేశారు. కానీ ఏ ఈస్టరుకూ సున్నం తప్పలేదు, కుండలో కొంచెం మిగలడమూ తప్పలేదు. సరిగ్గా ఆ చిన్న సమాధికి సరిపడా మిగిలేట్టు ఆయన ముందే కొలిచి కలిపేవారని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

నాన్నను కూడా అక్కడే పెట్టాక, తమ్ముడు రెండు సమాధులకూ నల్ల గ్రానైటు పరిపించాడు. తప్పు పట్టను, వాడు దూరదేశంలో ఉన్నాడు, ఏటా వచ్చి సున్నం వేయలేడు. గ్రానైటు తుడిస్తే చాలు. తోటలో ఇప్పుడు చాలావరకు అవే, లేదంటే టైల్సు. తెల్లవారుజామున వెళ్తే వెన్నెల వాటి మీద నిలవదు, సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని పేర్లు వెతుక్కోవాలి.

మాచర్ల పెళ్లి నుంచి తిరిగి వస్తూ పిడుగురాళ్లలో దిగి రెండు కేజీల గడ్డ కొన్నాను. కొట్టతను ప్యాకెట్టు పొడి ఇస్తానన్నాడు. గడ్డే కావాలని చెప్పి, ఒకదానితో ఒకటి తట్టి ఏరుకుంటుంటే వింతగా చూశాడు. శనివారం సాయంత్రం తోటకు వెళ్లి ఇనప బక్కెట్టులో నీళ్లు పోశాను. చాలా ఏళ్లకు విన్నాను ఆ గురగుర. తుమ్మజిగురు దొరకలేదు, మామూలు బంక కలిపాను. గ్రానైటు రాళ్లు రెండూ తడిగుడ్డతో తుడిచి, చిన్న సమాధి దగ్గర కూర్చున్నాను. పగుళ్లలో మొలిచిన గడ్డి పీకి, ఒక్క పూత వేశాను.

పక్క సమాధికి పూలదండ తెచ్చిన ఒకామె ఆగి, "మీ పాపదాండీ?" అని అడిగింది.

"కాదమ్మా. ఎవరిదో తెలియదు."

ఆమె కాసేపు చూసి, "తెల్లగా రావట్లేదండీ, ఇంకో పూత వేయండి" అంది.

"ఆరాలమ్మా" అన్నాను.